అబుదాబి పిస్టల్.. హైదరాబాద్ ఫ్యాక్టరీ!

గల్ఫ్‌కు మన ఊళ్ల నుంచి ఏం వెళ్తుందో కొత్తగా చెప్పక్కర్లేదు. మేస్త్రీలు, వెల్డర్లు, డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే ఆడపడుచులు. అటు నుంచి ఇటు వచ్చేది ఇంటికి పంపే డబ్బు, దేశానికి కావాల్సిన చమురు, సెలవుకొచ్చేవాళ్ల పెట్టెల్లో ఖర్జూరం, సెంటు సీసాలు. 2024లో ఆ వరుసలో ఇంకొకటి చేరింది.. తుపాకీ తయారీ! అబుదాబికి చెందిన 'కరకాల్' అనే ఆయుధ కంపెనీ తన సాంకేతిక పరిజ్ఞానాన్ని హైదరాబాద్‌కు చెందిన ఐకామ్ టెలి సంస్థకు అందించింది. మేఘా ఇంజనీరింగ్ గ్రూపులోని ఈ సంస్థ హైదరాబాద్‌లో చిన్న ఆయుధాల ఫ్యాక్టరీని మొదలుపెట్టింది. చిన్న ఆయుధాలంటే ఒక్క మనిషి మోసుకెళ్లి కాల్చగలిగే తుపాకులన్న మాట.

ఇంతవరకూ గల్ఫ్ అంటే అమెరికా, యూరప్‌ల దగ్గర ఆయుధాలు కొనే చోటనే మనకు తెలుసు. అలాంటి చోట పుట్టిన తుపాకీ మన దగ్గర తయారు కావడమేమిటి? ఈ కథ మొదలైంది పెద్ద ఫిరంగితోనో, యుద్ధ విమానంతోనో కాదు. సైనికుడు, పోలీసు నడుముకు కట్టుకునే చిన్న పిస్టల్‌తో. ఆ పిస్టల్ ఎలా పుట్టింది, ఎన్ని రకాలైంది, ఎక్కడ బోల్తా పడింది అన్నది తెలుసుకుంటే హైదరాబాద్ ఫ్యాక్టరీ విషయంలో మనం ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

కొనేవాడు తయారీదారు అయ్యాడు

1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించిన సంగతి గల్ఫ్‌లోని పాత తరం మనవాళ్లెవరూ మరిచిపోరు. కట్టుబట్టలతో అమ్మాన్ దారి పట్టి, అక్కడి నుంచి విమానాల్లో బొంబాయి చేరిన వాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఆ దెబ్బతో గల్ఫ్ దేశాలన్నీ ఆయుధాల కొనుగోళ్లు పెంచాయి. యూఏఈ మాత్రం కొనడంతో పాటు ఇంకో మెలిక పెట్టింది. మా దగ్గర ఆయుధాల ఆర్డరు కావాలంటే అందులో కొంత విలువకు మా దేశంలోనే పెట్టుబడి పెట్టాలి, మాకు పరిశ్రమలు తేవాలి అంది. దీన్నే 'ఆఫ్‌సెట్' పద్ధతి అంటారు. ఇందుకోసం 1992లో పెట్టిన సంస్థే తర్వాత కాలంలో 'తవాజున్' అయింది. 1993 నుంచి అబుదాబిలో రెండేళ్లకోసారి 'ఐడెక్స్' ఆయుధ ప్రదర్శన జరుగుతోంది. ఆ రోజుల్లో హోటళ్లన్నీ నిండిపోవడం, రోడ్ల మీద బందోబస్తు అబుదాబి డ్రైవర్లకు అలవాటైన సంగతే.

పిస్టల్ ఆలోచన 2002 ప్రాంతంలో మొదలైంది. యూఏఈ సైనికాధికారులు కొందరు సొంతంగా ఒక సర్వీసు పిస్టల్ చేయాలనుకున్నారు. ఇంజనీరుగా విల్‌హెల్మ్ బుబిట్స్ అనే ఆస్ట్రియా దేశస్థుణ్ని తెచ్చుకున్నారు. 1999లో వచ్చిన 'స్టెయిర్ ఎం' పిస్టల్ ఆయన రూపకల్పనే. నమూనాలను జర్మనీలో సైనిక ప్రమాణాల ప్రకారం పరీక్షలకు పెట్టారు. 2006లో యూఏఈ సైన్యం దాన్ని ఎంచుకుంది. 2007 ఐడెక్స్‌లో లోకానికి చూపించారు. అదే ఏడాది కరకాల్ కంపెనీ జర్మనీలోని జూల్ పట్టణంలో ఉన్న పాత వేట తుపాకుల కంపెనీ 'మెర్కెల్'ను కొనేసింది కూడా. ఇసుక నేలలో ఫ్యాక్టరీ కట్టడం డబ్బుతో అయ్యే పని. ఉక్కు గొట్టం లోపల వంద మీటర్ల దూరానికి గురి తప్పకుండా గాడులు కోయగల చెయ్యి మాత్రం తరాల మీద తయారవుతుంది. దాన్ని కొనుక్కున్నారు!

పేరు కూడా గమ్మత్తైనదే. కరకాల్ అంటే ఎడారిలో తిరిగే ఒక జాతి అడవి పిల్లి. నల్లటి పొడుగు చెవులు దాని గుర్తు. టర్కీ భాషలో 'నల్ల చెవి' అన్న మాట నుంచే ఆ పేరు వచ్చింది. ఎగిరే పిట్టను గాల్లోనే పట్టుకుంటుందని దానికి పేరు. మన రాజస్థాన్, కచ్ ప్రాంతాల్లోనూ ఈ జంతువు బహు అరుదుగా ఉంది.

మూలం ఆస్ట్రియాలో

కరకాల్ ఏ దారిలో నడిచిందో తెలియాలంటే ఒక్కసారి 1982కు వెళ్లాలి. ఆస్ట్రియా సైన్యం కొత్త పిస్టల్ కోసం పోటీ పెట్టింది. స్టెయిర్ లాంటి పేరుమోసిన కంపెనీలుండగా గాస్టన్ గ్లాక్ అనే ఆయన గెలిచాడు. అంతకుముందు ఆయన కంపెనీకి కర్టెన్ రాడ్లు, సైనికుల కత్తులు చేసిన అనుభవమే తప్ప తుపాకీ చేసిన చరిత్ర లేదు. ఆయన తెచ్చిన 'గ్లాక్ 17'లో పిడి భాగం ఇనుము కాదు, గట్టి ప్లాస్టిక్. చాలామంది నవ్వారు. ఇవాళ ప్రపంచంలో ఏ పోలీసు పిస్టల్ తీసి చూసినా సగానికి సగం ఆ పోకడే కనిపిస్తుంది.

పాత పిస్టళ్లకు వెనక భాగంలో చిన్న సుత్తి కనిపించేది. మన సినిమాల్లో విలన్ బొటనవేలితో వెనక్కి లాగుతాడే, అదే. గ్లాక్ తరహాలో పైకి సుత్తి ఉండదు. లోపల స్ప్రింగు బలంతో ముందుకు దూకే పిన్ను ఉంటుంది. అదే తూటా అడుగున కొట్టి పేలుస్తుంది. పాతవాటిలో పక్కన ఒక మీట ఉండేది, దాన్ని దించితే తప్ప తుపాకీ పేలదు. కొత్తవాటిలో అదీ లేదు. కాపలా అంతా లోపలే. ట్రిగ్గర్ మధ్యలో ఒక సన్నని నాలుక ఉంటుంది. వేలు సరిగ్గా దాని మీద పడితేనే ట్రిగ్గర్ కదులుతుంది. లోపల ఇంకో అడ్డుకమ్మీ పిన్ను దారిని మూసి ఉంచి, ట్రిగ్గర్ పూర్తిగా నొక్కినప్పుడే పక్కకు తప్పుకుంటుంది. సైట్లో గ్రైండర్ పట్టిన వాళ్లకు ఇది చటుక్కున అర్థమవుతుంది. చెయ్యి తీస్తే ఆగిపోవాలి, చెయ్యి వేస్తేనే తిరగాలి. మీట తిప్పడం మరిచిపోయి ప్రాణం పోగొట్టుకునే పోలీసు ఉండకూడదన్నది ఈ మార్పు వెనక ఆలోచన. అయితే పైకి కనిపించే మీట పోయిందంటే, భద్రత భారమంతా కనిపించని చిన్న చిన్న ముక్కల మీద పడిందని కూడా అర్థం. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

కరకాల్ కూడా ఇదే దారి. 9 మిల్లీమీటర్ల తూటా. ప్లాస్టిక్ పిడి, లోపల ఉక్కు చట్రం. బుబిట్స్ ప్రత్యేకత ఒకటుంది. గొట్టాన్ని వీలైనంత కిందికి, చేతికి దగ్గరగా దించాడు. కాల్చినప్పుడు పిస్టల్ ముక్కు పైకి ఎగరడం దీనివల్ల తగ్గుతుంది, రెండో గుండు గురి త్వరగా కుదురుతుంది. చేతిలో పట్టుకుని చూసిన నిపుణులు కరకాల్‌ను మెచ్చుకున్నది ఈ గుణానికే.

ఎఫ్, సీ, ఎస్‌సీ

ఒకే మూలం మీద కంపెనీ మూడు సైజులు తెచ్చింది. 'ఎఫ్' పూర్తి సైజు. పొడవు సుమారు 18 సెంటీమీటర్లు, మ్యాగజైన్‌లో 18 తూటాలు. యూనిఫారంలో తిరిగే వాళ్ల కోసం ఇది. 'సీ' కొంచెం కురచ, 15 తూటాలు. మఫ్టీలో ఉండే వాళ్లు, కారులో కూర్చునే రక్షణ సిబ్బంది చొక్కా కింద దాచుకోవడానికి. 'ఎస్‌సీ' ఇంకా చిన్నది. గురిచూసే గుర్తుల్లోనూ రెండు రకాలు పెట్టారు. మామూలుగా వెనక గుర్తు పిస్టల్ చివర ఉంటుంది. 'క్విక్ సైట్' అనే రకంలో దాన్ని మధ్యకు జరిపారు. దగ్గరి దూరంలో కళ్లు రెండూ తెరిచి గబుక్కున గురి కుదుర్చుకోవడానికి అన్నారు. దాన్ని కొందరు మెచ్చుకున్నారు, కొందరు పెదవి విరిచారు. సైన్యం వాడే 9 మిల్లీమీటర్ల తూటా పౌరుల చేతిలో ఉండకూడదన్న నిబంధన ఇటలీలో చాలాకాలం ఉండేది. అందుకని అక్కడి మార్కెట్ కోసం తూటా గది కాస్త పొడుగున్న రకాన్ని కూడా చేశారు.

ఒక పిస్టల్‌కు ఇన్ని రకాలెందుకు? ఒకే శాఖలో ఒకే శిక్షణతో అందరికీ సరిపోవాలి. ట్రాఫిక్ కానిస్టేబుల్‌కూ, మంత్రి పక్కన నిలబడే గార్డుకూ వేర్వేరు కంపెనీల పిస్టళ్లు ఇస్తే విడి భాగాలు వేరు, శిక్షణ వేరు, ఖర్చు రెట్టింపు. కాబట్టి ఒక మూలం పట్టుకుని పొడవు తగ్గిస్తూ పోతారు. కానీ ఇక్కడే ఒక చిక్కుంది. పొడవు తగ్గిస్తే స్ప్రింగు బలం మారాలి, పై భాగం బరువు మారుతుంది, లోపలి ముక్కలు కదిలే తీరు మారుతుంది. పెద్దదానికి పాసైన పరీక్ష చిన్నదానికి పాసైనట్టు కాదు.

కింద పడితే..

కరకాల్ అమెరికా మార్కెట్లోకి వెళ్లింది. సర్వీసు పిస్టల్ చేసే ప్రతి కంపెనీ కలలు కనే చోటు అది. అక్కడే దెబ్బ తింది. 2013లో 'సీ' మోడల్‌ను కంపెనీ స్వయంగా వెనక్కి పిలిపించుకుంది. కారణం ఒకే ఒక్క ముక్క.. కింద పడితే పేలే ప్రమాదం ఉందని! పెద్దదైన 'ఎఫ్' కూడా రీకాల్‌ను తప్పించుకోలేకపోయింది. ఒక దేశం తన పేరు నిలబెట్టుకోవాలని తెచ్చిన పిస్టల్‌కు ఇంతకంటే అవమానం ఉండదు.

కింద పడితే పేలడమేమిటని మీకు అనుమానం రావచ్చు. పిస్టల్ చేతిలోంచి జారి కాంక్రీటు నేల మీద వెనక భాగం ఆనేలా పడిందనుకోండి. పిస్టల్ టక్కున ఆగిపోతుంది. కానీ లోపలి ముక్కలు ఆ ఊపులోనే కాస్త ముందుకు పోవాలని చూస్తాయి. బస్సు సడన్ బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకు తూలినట్టే. ట్రిగ్గర్‌కూ బరువుంటుంది కదా, అదీ ఆ ఊపుకు కదులుతుంది. వేలు లేకపోయినా వేలు నొక్కినంత పని జరిగిపోతుంది. దీన్ని ఆపడానికే ఆ నాలుకలూ, అడ్డుకమ్మీలూ. కొలత వెంట్రుకవాసి తేడా వచ్చినా, ఆ కాపలా ఉండీ లేనట్టే. అందుకే సర్వీసు పిస్టళ్లను మనిషి నడుము ఎత్తు నుంచీ, అంతకంటే ఎత్తు నుంచీ, ముక్కు కిందికి, పిడి కిందికి, పక్కకు, వెనక్కి.. ఇలా రకరకాలుగా గట్టి నేల మీద పడేసి చూస్తారు.

ఇది అబుదాబి వాళ్ల చేతకానితనం అని కొట్టిపారేయడానికి వీల్లేదు. నూరేళ్ల అనుభవం ఉన్నవాళ్లకూ ఇదే గతి పట్టింది. 2017 జనవరిలో అమెరికా సైన్యం తన కొత్త పిస్టల్‌గా సిగ్ సాయర్ కంపెనీ 'పీ 320' ఆధారంగా చేసిన రకాన్ని ఎంచుకుంది. అదే ఏడాది ఆగస్టులో, పౌరులకూ పోలీసులకూ అమ్మిన పీ 320 ఒక కోణంలో పడితే పేలుతోందని బయటపడింది. డల్లాస్ పోలీసులు వాడకం ఆపేశారు. కంపెనీ తేలికైన ట్రిగ్గర్ వేసి ఉచితంగా మార్చి ఇస్తామంది. గొడవ అక్కడితో ఆగలేదు. తాకకుండానే పేలిందంటూ కేసులు నడుస్తూ వచ్చాయి. 2025 జూలైలో ఒక స్థావరంలో వైమానిక దళ సభ్యుడొకరు చనిపోయాక ఆ దళంలోని ఒక కమాండ్ ఆ పిస్టల్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టింది. తర్వాత ఆ మరణం విషయంలో మరో సభ్యుణ్ని అరెస్టు చేశారు, పిస్టల్ వాడకం తిరిగి మొదలైంది. తమ ఆయుధం సురక్షితమేనని కంపెనీ అంటోంది.

ఈ రెండు కథల్లోనూ మాకు కనిపిస్తున్నది ఒకటే. ఎంపిక పరీక్షకు పంపే పిస్టల్ వేరు, తర్వాత వేలల్లో ఫ్యాక్టరీ నుంచి దిగే పిస్టల్ వేరు. మొదటిది ఇంజనీరు చేతి పని. రెండోది షిఫ్టు కార్మికుడు, యంత్రం, తనిఖీ చేసేవాడు కలిసి చేసే పని. జర్మనీ పరీక్షా కేంద్రం నుంచి వచ్చిన సర్టిఫికెట్ ఫ్యాక్టరీలో మూడో షిఫ్టు పనితనానికి హామీ ఇవ్వలేదు. పరంజాకు ఆకుపచ్చ ట్యాగు వేలాడుతోందని కళ్లు మూసుకుని ఎక్కేస్తామా? ట్యాగు ఏ తేదీది, ఎవరు చూసి కట్టారు అని చూస్తాం కదా!

కరకాల్ అంతటితో దుకాణం కట్టేయలేదు. ట్రిగ్గర్ భాగాన్ని మార్చి 'ఎన్‌హాన్స్‌డ్ ఎఫ్' పేరుతో పిస్టల్‌ను మళ్లీ తెచ్చింది. అయితే ఆ తర్వాత కంపెనీకి పేరు తెచ్చింది పిస్టల్ కాదు, రైఫిళ్లు. 'కార్ 816' కార్బైన్, దూరం కాల్చే స్నైపర్ తుపాకులు, 'సీఎంపీ 9' సబ్ మెషీన్‌గన్ వచ్చాయి. 2019లో యూఏఈ తన రక్షణ కంపెనీలు పాతిక దాకా కలిపి 'ఎడ్జ్' గ్రూపు పెట్టినప్పుడు కరకాల్ అందులో చేరింది.

హైదరాబాద్ దారి ఇలా పడింది

2018లో భారత సైన్యానికి 93,895 కార్బైన్లు అర్జెంటుగా కావాలన్న టెండరులో కరకాల్ అందరికంటే తక్కువ ధర వేసి ముందు నిలిచింది. ఇక సంతకమే తరువాయి అన్నారు. రెండేళ్లు నానబెట్టి 2020లో ఆ కొనుగోలునే రద్దు చేశారు. విదేశీ సరుకు కొనడం కంటే ఇక్కడే తయారు చేయాలన్న విధానం అప్పటికి ఊపందుకుంది. కరకాల్‌కు విషయం అర్థమైంది. అమ్మాలంటే అక్కడే తయారు చేయాలి! సుమారు ముప్పై ఏళ్ల కిందట యూఏఈ వేరే దేశాల కంపెనీలకు పెట్టిన మెలికనే, ఇప్పుడు భారత్ యూఏఈ కంపెనీకి పెట్టింది. కరకాల్ తన తుపాకుల తయారీ విద్యను ఐకామ్‌కు ఇచ్చిందంటే వెనక ఉన్నది స్నేహం ఒక్కటే కాదు, ఈ లెక్క.

హైదరాబాద్‌కు ఇలాంటి పని కొత్త కాదు. పుణెలోని డీఆర్‌డీవో ప్రయోగశాల, సైన్యం కలిసి 2021లో చూపించిన 'అస్మి' మెషీన్ పిస్టల్‌ను తయారు చేస్తున్నది హైదరాబాద్‌కు చెందిన లోకేష్ మెషీన్స్. 2024లో సైన్యం ఉత్తర కమాండ్‌కు 550 అస్మిలు అందాయి. అంతకుముందు సంగతి చూస్తే మన సైన్యం, పోలీసులు దశాబ్దాలుగా నమ్ముకున్నది బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసిన 9 మిల్లీమీటర్ల పిస్టల్‌ని. అది 1935 నాటి బెల్జియం 'బ్రౌనింగ్ హై పవర్'కు నకలు. అంటే మన సర్వీసు పిస్టల్ ఒక తరం, రెండు తరాలు వెనకబడే ఉంది. కొత్తవి కావాల్సిందే, అందులో సందేహం లేదు.

కానీ కొనే శాఖలు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అబుదాబిలో పాసైన పరీక్షల్ని హైదరాబాద్‌లో దిగిన పిస్టల్ మీద మళ్లీ చేశారా? ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని తీసి పడేసి చూస్తున్నారా? లోపం బయటపడితే అమెరికా కొనుగోలుదారుడికి దక్కిన రీకాల్ మన కానిస్టేబుల్‌కు దక్కుతుందా? అమెరికాలో పౌరుడు వీడియో తీసి పెట్టాడు, లాయరు కేసు వేశాడు, కంపెనీ దిగొచ్చింది. మన దగ్గర స్టేషన్‌లో తుపాకీ పేలితే 'మిస్‌ఫైర్, కానిస్టేబుల్ అజాగ్రత్త' అని రెండు ముక్కల వార్త వస్తుంది, అంతే. తుపాకీని ల్యాబుకు పంపారా లేదా అని అడిగేవాడు ఉండడు. పక్కన నిలబడ్డ ఫిర్యాదుదారు మనవాడే అయి ఉండొచ్చు.

మనవాళ్లకు ఒక ముఖ్య గమనిక

ఇలాంటి వార్తలు రాగానే ఏజెంట్లకు పండగ. 'అబుదాబి గన్ ఫ్యాక్టరీలో హెల్పర్ పోస్టులు, మంచి జీతం' అని వాట్సాప్‌లో తిప్పుతారు. నమ్మకండి. రక్షణ పరిశ్రమల్లో ఎవర్ని పడితే వాళ్లను తీసుకోరు. పైగా 50 మంది, ఆ పైన ఉన్న ప్రైవేటు కంపెనీలు నైపుణ్యం ఉన్న కొలువుల్లో ఎమిరాతీల వాటా ఏటా 2 శాతం చొప్పున పెంచి 2026 చివరికి 10 శాతం చేయాలని యూఏఈ 2022లోనే నిబంధన పెట్టింది. ఏ ఉద్యోగమైనా సరే, ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూశాకే పాస్‌పోర్టు చేతికివ్వండి. హైదరాబాద్‌లో వచ్చే ఇలాంటి కొలువులైనా ఐటీఐ ఫిట్టర్, టర్నర్, సీఎన్‌సీ ఆపరేటర్, క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ పనులు తెలిసిన వాళ్లకే. ఇంటి దగ్గర పదో తరగతి దాటిన పిల్లలున్నవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవచ్చు.

సెక్యూరిటీ గార్డు వీసా మీద వచ్చేవాళ్లకు కూడా ఒక మాట. సాధారణంగా మనవాళ్లు చేసే గార్డు పనిలో ఆయుధం ఉండదు. 'గన్‌మ్యాన్ పోస్టు' అని ఎవరైనా ఎక్కువ డబ్బు అడిగితే అనుమానించాల్సిందే. యూఏఈలో లైసెన్సు లేకుండా తుపాకీ, తూటా దగ్గర పెట్టుకోవడం పెద్ద నేరం. ఎక్కడో దొరికిన ఖాళీ తూటా గొట్టాన్ని తాళంచెవుల గుత్తికి తగిలించుకోవడం, పిల్లలకని అచ్చం నిజం పిస్టల్‌లా ఉండే బొమ్మ పెట్టెలో పెట్టుకోవడం వంటివి చేయకండి. ఎయిర్‌పోర్టు స్కానరులో కనిపిస్తే ముందు ఆపేస్తారు, తర్వాతే అడుగుతారు. విమానం పోతుంది, ఒక్కోసారి అకామా కూడా. మన దేశంలో దిగేటప్పుడూ అంతే. బ్యాగులో ఒక్క తూటా దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. సైనిక స్థావరాల దగ్గర, ఆయుధాలతో ఉన్న సిబ్బంది పక్కన సెల్‌ఫోన్ తీసి ఫొటోలు కొట్టడం కూడా మానుకోవాలి. ఐడెక్స్ రోజుల్లో ఆ దారిన డ్యూటీ పడే డ్రైవర్లు దీన్ని క్యాంపుల్లో కొత్తగా వచ్చిన పిల్లలకు కూడా చెప్పాలి.